పిలవని తొమ్మిది పెండ్లిళ్లు

వడ్డించేటోడు మనోడైతే కడబంతిల కూసున్నా పర్వాలేదని మా దిక్కు ఒక సామెత. ఈ సామెత పుట్టిచ్చినోడు నాకు దొరకాలె గానీ, వాణ్ణి రెక్క పట్టుకొని తీస్కపోయి నా పెండ్లి కడబంతిల కూసోపెడుదును. నా పెండ్లిల వడ్డించేటోడు మనోడే. వండేటోడు మనోడే. టెంటు మనోడిది, బ్యాండు మనోడిది, వీడియో మనోడిది. కడబంతికి అన్నం మాత్రం లేదు.

వంటకు మా అమ్మ పిన్నమ్మ అల్లుణ్ణి మాట్లాడిండ్రు. ఆయనకు రోడ్డు పక్కన ఇడ్లీ బండి ఉండేది. ఇడ్లీ మంచిగనే ఏస్తడు, కాదన. కానీ పొద్దుగాల నలభై మందికి ఇడ్లీ పెట్టెటోడు ఏడువందల మందికి అన్నం వండుతడా అని ఎవరూ అడగలె. అడిగితే ఆయన నొచ్చుకుంటడు. ఆయన నొచ్చుకుంటే పిన్నమ్మ నొచ్చుకుంటది. పిన్నమ్మ నొచ్చుకుంటే మా అమ్మకు పుట్టింట్ల మాట పోతది. ఇట్ల ఒకళ్ల మనసు నొప్పియ్యద్దని ఇంకొకళ్లు ఊకొని, అందరం కలిసి మగపెండ్లోళ్ల కడుపు మాడిచ్చినం.

ఆ కడబంతిల కూసున్నది మగపెండ్లోళ్ల ఆడోళ్లు. నడిమిట్ల మా అత్తమ్మ. మా అత్తగారోళ్లది సత్తుపల్లి దిక్కు. తాతల కాలంల కోస్తా నుంచి వచ్చి పొలాలు కొనుక్కున్నోళ్లు. మాట మెత్తగ ఉంటది, పట్టింపు గట్టిగ ఉంటది. ఆకులేసిండ్రు. నీళ్లు చల్లుకున్నరు. ఉప్పేసిండ్రు, మామిడికాయ పచ్చడేసిండ్రు, తలా ఒక లడ్డూ పెట్టిండ్రు. ఇగ అన్నం వస్తదని కూసున్నరు. మా నాయిన బకెట్ పట్టుకొని పొయ్యిల కాడికి ఉరికిండు. ఉత్త బకెట్ పట్టుకొనే తిరిగొచ్చిండు. అత్తమ్మ ఆయన దిక్కు ఒక్కసారి చూసి, ఏమనకుండ ఆకు మడిచి లేసింది. నేను పెండ్లి చీరెల, బాసికం తోటి, పందిరి గుంజ ఎనక నిలవడి ఇదంత చూసిన. ఏమన్నా తిట్టినా బాగుండు అనిపిచ్చింది.

ఆ రోజు ఏమనలేదు గానీ, తర్వాత ఆరేండ్లు అత్తమ్మ ఆపలేదు. ఏ ఫంక్షనుకు పోయినా ఈ కథ చెప్పేది. మొదటి ఏడు ఆకలితోటి లేసినోళ్లు పన్నెండు మంది. మూడో ఏటికి యాభై అయిండ్రు. ఆరో ఏడు వచ్చేసరికి ఒక ఊరు ఊరంత పస్తులు పండుకున్నది. నేను పక్కనే కూసొని "అవ్ అత్తమ్మా, అవ్" అంట తల ఊపేదాన్ని. ఏం చేస్త? పన్నెండు మంది సంగతైతే నిజమే గదా.

నా బాధ అత్తమ్మ కాదు. నా బాధ నాయిన. ఆ రోజు నుంచి నాయిన నా ఇంట్ల మెతుకు ముట్టలె. మేము, మా పాప, అత్తమ్మ ఖమ్మంల ఖానాపురం హవేలిల ఉంటం. మా ఆయనది ఆఫీసు ఉద్యోగం, నేను ప్రైవేటు బడిల పాఠాలు చెప్త. నాయిన ముదిగొండ పక్కన మా ఊరి నుంచి మార్కెట్ యార్డుకు మిరపకాయలు ఏసుకొచ్చిన ప్రతిసారీ మా ఇంటికొచ్చేటోడు. సంచి నిండ కూరగాయలు తెచ్చేటోడు. బయట కుర్చీల కూసొని మంచినీళ్లు తాగేటోడు. "తిందువు రా నాయినా" అంటే, "తినే వచ్చిన బిడ్డా" అనేటోడు. ఎన్నడు వచ్చినా తినే వచ్చిండు. పొద్దుగాల ఆరింటికి వచ్చినా తినే వచ్చిండు.

ఒకనాడు అట్లనే తినే వచ్చిన అని చెప్పి పోయిండు. గంటకు నేను బడికి పోతుంటే ఆటోలు ఆగే కాడ ఒక బండి దగ్గర నిలవడి, కాగితంల మిరపకాయ బజ్జీలు పెట్టుకొని గబగబ తింటున్నడు. ఆకలైన మనిషి తిన్నట్టు తింటున్నడు. నేను కనవడకుండ పక్క సందుల నుంచి పోయిన. ఏడుపొచ్చింది, కోపమొచ్చింది. కోపమే ఎక్కువొచ్చింది. అమ్మను అడిగితే చెప్పింది. "ఆమె ఆకుల మెతుకు ఎయ్యలేనోణ్ణి, ఆమె ఇంట్ల చెయ్యి ఎట్ల కడుగుత అంటడే మీ నాయిన. నేను చెప్పిన ఇంటడా?"

అసొంటప్పుడు మా చెల్లె పెండ్లి కుదిరింది. సెల్‌ఫోన్లు ఇంటికొకటి వచ్చిన కొత్తల. చెల్లె భద్రాచలం అవతల అడివి ఊర్ల ఆశ్రమ పాఠశాలల టీచరు. అదే బడిల పనిచేసే పిలగాడే పెండ్లికొడుకు. వైశాఖంల, మా ఊర్లనే పెండ్లి. వచ్చేటోళ్లల్ల సగం అడివి దిక్కు నుంచి. నాయిన పైకి సంతోషంగనే ఉన్నడు గానీ, ఒకనాడు నన్ను పక్కకు పిలిచి, "ఈసారి కడబంతి దాంక అన్నం ఉండాలె బిడ్డా. ఇంకేం లేకున్నా మంచిదే" అన్నడు. ఆ మాట అనేటప్పుడు నా మొఖం దిక్కు చూడలె.

అప్పుడు నేను నడుం కట్టిన. చుట్టాలందరూ కూసున్న కాడ చెప్పిన: "ఈ పెండ్లిల మనోడు అన్నోడు ఒక్కడు కూడ పని చెయ్యద్దు. మనోళ్లు వచ్చి తిని, దీవించి పొమ్మనుండ్రి. అంతే."

అమ్మ నెత్తి కొట్టుకున్నది. "అయినోళ్లకు ఆకుల్ల, కానోళ్లకు కంచాల్ల పెడ్తవా?"

"ఆకులైనా కంచాలైనా ముందు అన్నం ఉండాలె గదనే అమ్మా!"

మా చుట్టాలకు పెండ్లి పని ఇచ్చుడంటే పని ఇచ్చుడు కాదు, మర్యాద చేసుడు. పని రాకపోయినా మర్యాద కావాలె. మర్నాటి నుంచి ఒక్కొక్కళ్లే రావట్టిరి. పెదనాయిన వియ్యంకుడికి బ్యాండు ఉన్నదట. అండ్ల బాకా ఊదెటోడు రెండేండ్ల కింద దుబాయి పోయిండట, కానీ డప్పులు మస్తుగ కొడ్తరట. మా మేనమామ కొడుకు వీడియో తీస్తడట. వాడు నమూనా క్యాసెట్టు తెచ్చి పెట్టిండు. పెండ్లికూతురు కొబ్బరికాయల నుంచి బయటికొస్తది. పెండ్లికొడుకు తామరపువ్వుల మొలుస్తడు. తలంబ్రాలు పోసుకునేటప్పుడు ఎనక ఏదో ఇంగ్లీషు దేశపు మంచుకొండలు. "అరె, పెండ్లికొచ్చిన జనం ఏరిరా?" అని అడిగిన. "జనాన్ని అందరు తీస్తరు అక్కా, మిక్సింగే మన స్పెషల్" అన్నడు. నా పెండ్లి క్యాసెట్టు తీసింది కూడ వీడే. అండ్ల మా అమ్మ ఒక్కసారి కనవడ్తది. ఆమె తల మీద నుంచి నాలుగు హంసలు ఎగురుకుంట పోతయి.

వాణ్ణి పంపిచ్చేసిన. మామయ్య మూడు నెలలు మాట్లాడలె. నాకు మాట్లాడకపోవుడే హాయిగ అనిపిచ్చింది.

టెంటు, బ్యాండు, ఫోటోలు ఏదో సర్దుకున్నయి. అసలు సంగతి వంట. ఖమ్మంల క్యాటరింగు వాళ్ల కాడికి నేనూ నాయినా తిరిగినం. అందరికీ రంగు రంగుల కార్డులు ఉన్నయి. ఒకాయన ఆఫీసుల ఏసీ ఉన్నది, సోఫా ఉన్నది, గోడ మీద వెంకన్న స్వామి ఉన్నడు. పొయ్యి ఎక్కడా కనవడలె. ఎవరి కాడికి పోయినా మొదటి మాట ఒక్కటే: "ప్లేటు ఎంతల కావాలమ్మా?" ఏం వండాలె అని అడగరు. ఎండలు ఎట్లున్నయి, నీళ్లెట్ల అని అడగరు. నూటముప్పై రకాల పేర్లున్న లిస్టు చేతిల పెడ్తరు. అండ్ల గోబీ మంచూరియా మూడు చోట్ల ఉంటది. "రుచి ఎట్లుంటది?" అని నాయిన అడిగితే ఆ ఏసీ ఆయన నవ్విండు. "పెద్దాయనా, మన ఫుడ్డు తిన్నోళ్లు మర్చిపోరు." నేను మెల్లగ అన్న, "మా పెండ్లిల తిననోళ్లు కూడ మర్చిపోలేదు సార్."

బయటికొచ్చినంక నాయిన అన్నడు: "యార్డుల బస్తా మూతి ఇప్పకుండ, నాలుగు కాయలు తీసి ఒత్తి చూడకుండ ఏ వ్యాపారైనా ధర చెప్తడా? తినకుండ వంటోణ్ణి ఎట్ల మాట్లాడ్తం బిడ్డా?"

"మరి యాడ తింటం?"

"పెండ్లిల."

"ఎవరి పెండ్లిల?"

"ఎవరిదైతేంది? వాళ్లు వండిన కాడికి పోవాలె, తినాలె. అంతే గదా."

మాఘమాసం. ఖమ్మంల ఏ హాలు చూసినా పెండ్లే. పిలవని పేరంటానికి పోవుడంటే నాకు సిగ్గయింది గానీ, ఆ ఏసీ ఆయన నవ్వు గుర్తొచ్చి సరే అన్న. నాయినకు సిగ్గు లేదు గానీ ఒక పట్టింపు ఉండె. "ఉత్త చేతుల్తోటి పోయి తినొస్తే అది దొంగతిండి బిడ్డా." స్టీలు సామాన్ల దుకాణంల ఒక డజను డబ్బాలు కొన్నడు. వాటి మీద పేరు కొట్టిచ్చిండు. ఎవరి పేరు? సొంత పేరు! ఇంటిపేరు తోటి, ఊరి పేరు తోటి! దొంగతనానికి పోయెటోడు చిరునామా ఇచ్చి పోయినట్టుందని నేను మొత్తుకున్న. "పేరు లేకపోతే ఎవరిచ్చిండ్రో వాళ్లకెట్ల తెలుస్తది?" అన్నడు. తెలువద్దనే గదా నా బాధ!

మొదటి పెండ్లి బస్టాండు దిక్కు ఒక హాలుల. పోయినం, డబ్బా ఇచ్చినం, అక్షింతలు ఏసినం, బంతిల కూసున్నం. ఎవరన్నా అడిగితే ఆడపెండ్లోళ్ల కాడ మగపెండ్లోళ్ల తరఫనాలె, మగపెండ్లోళ్ల కాడ ఆడపెండ్లోళ్ల తరఫనాలె అని నేను ఇంటి కాడనే పాఠం చెప్పి తీస్కపోయిన. పప్పు కలుపుకున్నమో లేదో, భుజాన కండువేసుకున్న ఒక పెద్దమనిషి వచ్చి నిలవడ్డడు. పెండ్లికూతురు తండ్రట. "అన్నా, గుర్తుపట్టలే. ఎవరి తరఫు మీరు?"

నాయిన తింటున్న చెయ్యి ఆపి, ఎడమ చెయ్యి గుండె మీద పెట్టుకున్నడు. "ఎవరి తరఫూ కాదన్నా. నా చిన్నబిడ్డ పెండ్లున్నది. వంటోణ్ణి ఎతుకుతున్న. మీ కాడ వంటెట్లుందో చూసిపోదామని వచ్చిన. తప్పైతే చెప్పు, లేసిపోత."

నాకు భూమి చీలితే బాగుండు అనిపిచ్చింది. ఆ పెద్దమనిషి పెద్దగ నవ్విండు. "తప్పేందన్నా! ఆడపిల్ల తండ్రి బాధ నాకు తెల్వదా? అరేయ్, అన్నకు నెయ్యి ఎయ్యుండ్రి! ఆ వంకాయ ఇటు తెండ్రి!" నాయినకు కండ్లల్ల నీళ్లు తిరిగినయి. లేచి చెయ్యి కడుక్కొని, రెండు చేతులు జోడిచ్చి, "మా బిడ్డ పెండ్లికి మీరు ఇంటిల్లిపాది రావాలె" అన్నడు. "రాకుండ ఎట్లుంటం అన్నా, తప్పకుండ వస్తం" అన్నడాయన. ఇసొంటి మాటలు బస్సుల పక్క సీటోళ్లు కూడ అనుకుంటరు గదా అని నేను ఊకున్న.

అట్ల మొదలైన తిండి ఆగలె. నాయిన పగలంత చేన్ల మిరపకాయ ఏరిపిచ్చి, చేతులు రెండుమూడుసార్లు సబ్బుతోటి కడుక్కొని, తెల్లబట్టలేసుకొని ముహూర్తానికి తయారు. ప్రతి కాడా ఎవరో ఒకరు అడిగేటోళ్లు, నాయిన నిజం చెప్పేటోడు, వాళ్లు నవ్వేటోళ్లు, ఇంకింత వడ్డించేటోళ్లు, నాయిన చేతులు జోడిచ్చి ఇంటిల్లిపాదిని పిలిచేటోడు. ఒక్కరన్న మెడబట్టి గెంటుతరేమో అని చూసిన. ఒక్కరూ గెంటలె. అబద్ధమాడదామని నేను తయారుచేసుకున్న పాఠం అంత వేస్టయింది.

మూడో పెండ్లిల మామిడికాయ పప్పు నోట్ల పెట్టుకోంగనే నాయిన ఆగిండు. "ఇది మొదటి పెండ్లి చెయ్యే బిడ్డా."

"ఆ హాలు వేరు, ఈ హాలు వేరు. ఆ క్యాటరింగు వేరు, ఈ క్యాటరింగు వేరు."

"చెయ్యి మాత్రం ఒక్కటే. మెంతులు ఏయించి, నూరి ఏసిండు. చూడు."

నిజమే. అయిదో పెండ్లిల కూడ అదే పప్పు. ఇగ నాయిన ఆగలె. తినుడు కాంగనే హాలు ఎనక పొయ్యిల కాడికి పోయిండు, నేను ఎనక పోయిన. ఆడ లుంగీ కట్టుకున్న ఒక బక్కాయన గరిటె పట్టుకొని ఉన్నడు. పక్కన ఆయన భార్య మజ్జిగ చిలుకుతున్నది. భద్రాచలం వంతెనకు ఇవతలి ఒడ్డున ఉంటరట. నవమికొచ్చే జనానికి వండి వండి చెయ్యి తిరిగింది. ముహూర్తాల కాలంల ఖమ్మం వస్తరు. మేము తిన్న అయిదు పెండ్లిళ్లల్ల మూడు ఈయన వండినవే. ఏసీ ఆఫీసు ఆయన పెండ్లి ఒప్పుకుంటడు, ఇంకో కార్డు ఆయన ఒప్పుకుంటడు, వండుడు మాత్రం ఈయన వండుతడు. "కార్డున్నోళ్లు మాట్లాడుతరమ్మా, నేను వండుత" అన్నడు. అన్న తీరుల ఏడుపు లేదు, కోపం లేదు. ఆ కోపం కూడ నేనే పడ్డ.

అయిదో పెండ్లికే మనిషి దొరికిండు గదా, మరి తొమ్మిది ఎందుకు తిన్నరని అడుగుతరేమో. "నాలుగు చూసి పోల్చుకోవాలె గద బిడ్డా" అన్నడు నాయిన. నాకైతే ఆయనకు అలవాటైపోయిందనే అనుమానం. అయినా మిగతా నాలుగింటిల రెండు మళ్ల ఆ బక్కాయన చెయ్యే.

ఆయనతోటి మాట్లాడుదామని కూసున్న రోజు నేను నోట్‌బుక్కు పట్టుకొని తయారైన. "ఎనిమిది వందల మంది వస్తరు" అని మొదలుపెట్టిన. ఆయన చెయ్యి అడ్డం పెట్టిండు. "ఎందరొస్తరో తర్వాత. ఎవరొస్తరో చెప్పుండ్రి." నాకు అర్థం కాలె. ఆయనే అడుక్కుంట పోయిండు. కాయ ఏరే కూలోళ్లు ఎందరు? వాళ్లు అన్నం మూడుసార్లు అడుగుతరు, అడగాలె కూడ. ఉద్యోగస్తులు ఎందరు? వాళ్లు స్వీటు రెండుసార్లు తిని అన్నం ఇడిచిపెడ్తరు. అడివి దిక్కు నుంచి వచ్చేటోళ్లు ఏ యాల్లకు బండెక్కుతరు? చీకటితోనే ఎక్కుతరు కాబట్టి వాళ్లకు దిగంగనే ఉప్మా పెట్టాలె, లేకపోతే మొదటి బంతిలనే సగం అన్నం అయిపోతది, అది వాళ్ల తప్పు కాదు. నీళ్లు ఏ బాయివి? ముసలోళ్లు ఎందరు, వాళ్లకు మెత్తగ ఉడికిన అన్నం వేరే తీసిపెట్టాల్నా?

ఆఖరుకు, "కడబంతిల ఎవరు కూసుంటరు?" అని అడిగిండు.

ఈ మాట నా పెండ్లిల ఎవరూ అడగలె. నాయిన నేల దిక్కు చూసుకుంట, "మా పెద్దబిడ్డ అత్తగారు" అన్నడు. ఆమెను మొదటి బంతిలనే కూసోపెట్టచ్చు, నేను అప్పటికే అడిగిన. అత్తమ్మ మెత్తగ నవ్వి, "నేను కడబంతిలోనే కూర్చుంటానమ్మా. మీ ఇంట్లో నాకు అది అలవాటేగా" అన్నది. నాయినకు చెప్పద్దనుకున్న గానీ, ఎట్లనో తెలిసింది.

వంటాయన బయానా పైసలు తీస్కొని కండ్లకద్దుకున్నడు. ఇంత సేపూ రేటు గురించి మాట్లాడనేలేదని నాకు ఇంటికి పోయినంక గుర్తొచ్చింది.

పెండ్లినాడు ఎండ పగులుతున్నది. పదింటికి ముహూర్తం. భద్రాచలం తలంబ్రాలు తెచ్చి బియ్యంల కలిపినం. అడివి దిక్కోళ్లు వచ్చిండ్రు, ఉప్మా తిన్నరు, చల్లగ కూసున్నరు. అంత మంచిగనే ఉన్నదని నేను ఊపిరి పీల్చుకుంటుంటే, పందిరి ముందల ఒక ట్రాక్టరు ఆగింది. అండ్లకెళ్లి ఒక్కొక్కళ్లే దిగవట్టిరి. ఆడోళ్లు, మొగోళ్లు, ముసలమ్మ ఒకామె, చంటిపిల్లలు. ముందల కండువేసుకున్న పెద్దమనిషి. ఈయన్ని యాడనో చూసిన గదా అనుకున్న. చూసిన! బస్టాండు హాలుల చూసిన! "నెయ్యి ఎయ్యుండ్రి" అన్నాయన!

ఆయన ఎనక ఇంకో జీపు. ఆ జీపుల ఏడో పెండ్లి వాళ్లు. తర్వాత రెండు ఆటోలల్ల నాలుగో పెండ్లి వాళ్లు, కొత్త జంట తోటి సహా. అందరి చేతులల్ల స్టీలు సామాన్లు. నాయిన గేటు కాడ నిలవడి, మొఖం ఎలిగిపోతుంటే, అందరికీ పన్నీరు చల్లుతున్నడు.

నేను ఆయన్ని పందిరి ఎనకకు గుంజుకపోయిన. "నాయినా, వీళ్లకు తేదీ ఎవరు చెప్పిండ్రు? ఊరెవరు చెప్పిండ్రు?"

"నేనే. కార్డులు పసుపు పెట్టి ఇంటింటికి పోయి ఇచ్చొచ్చిన."

"తొమ్మిది ఇండ్లకా?"

"తిన్న ఇంటోళ్లను పిలవకుండ ఎట్లుంటరు బిడ్డా? మనుషులమేనా?"

"నాకెందుకు చెప్పలే?"

"చెప్తే వద్దంటవు గదా."

వంద మందికి తక్కువ లేరు. నాకు కండ్ల ముందల ఆ ఉప్పూ పచ్చడీ ఏసిన ఆకులు తిరిగినయి. ఒళ్లు మండిపోయింది. "మళ్ల నా పెండ్లి లెక్కనే చేసినవ్ నాయినా! నీ మర్యాద పాడుగాను!" అన్న.

నాయిన మొఖంల ఎలుగు ఒక్కసారే పోయింది. పన్నీరు బుడ్డి పట్టుకున్న చెయ్యి కిందికి దిగింది. నా నోరు పడిపోను, ఆ మాట ఇప్పటికీ నన్ను తింటది. అప్పుడైతే ఆగి చూసే ఓపిక కూడ లేదు. పొయ్యిల కాడికి ఉరికిన.

వంటాయన గుండిగ మూత తీసి ఆవిరి దిక్కు చూస్తున్నడు. నేను రొప్పుకుంట సంగతి చెప్పిన. ఆయన తాపీగ అడిగిండు, "వచ్చిండ్రా? తొమ్మిది ఇండ్లోళ్లూ వచ్చిండ్రా అమ్మా?"

"నీకెట్ల తెలుసు?"

"అయిదిండ్ల పొయ్యి నాదే గదమ్మా. మీ నాయిన ఆకు ముందల చేతులు జోడిచ్చి అందరినీ పిలుసుడు చూసి వడ్డించేటోళ్లు వచ్చి నాకు చెప్పేటోళ్లు. తొమ్మిది చోట్ల తిన్నమని బయానా ఇచ్చిన రోజు ఆయనే చెప్పె. అసొంటి మనిషి నోటి మాటతోటి ఊకుంటడా? ఇంటికి పోయి పిలుస్తడు. ఇంటికి పదీ పదిహేను మంది లెక్కన ముందే బియ్యం ఎక్కువ పోసిన."

"మరి నాకొక మాట చెప్పద్దా?"

"చెప్తే మీరు ఆయన్ని తిట్టేటోళ్లు" అన్నడు.

నేను ఆడ గట్టు మీద కూలబడ్డ. ఆయన భార్య గ్లాసుల మజ్జిగ పోసి నా చేతిల పెట్టింది.

కడబంతి రెండున్నరకు మొదలైంది. అత్తమ్మ వచ్చి, కొంగు సర్దుకొని, నడిమిట్ల కూసున్నది. ఆకులేసిండ్రు. ఉప్పేసిండ్రు, పచ్చడేసిండ్రు, లడ్డూ పెట్టిండ్రు. నాయిన వడ్డించేటోళ్లను ఆపి, అన్నం బకెట్ తనే పట్టుకున్నడు. బంతి కొస నుంచి వచ్చుకుంట వచ్చుకుంట అత్తమ్మ ముందల ఒంగిండు. తొందరల సగం అన్నం ఆకు బయట పడ్డది. అత్తమ్మ బయట పడ్డది కూడ లోపలికి తోసుకున్నది. పప్పుతోటి తిన్నది. "కొంచెం అన్నం వేయండి అన్నయ్యగారూ" అన్నది. ఏసిండు. వంకాయతోటి తిన్నది. "ఇంకాస్త." ఏసిండు. సాంబారుతోటి ఒకసారి, పెరుగుతోటి ఒకసారి. ఇంట్ల గుప్పెడు మెతుకులు తిని లేసే మనిషి! అది పరీక్షనో, ప్రేమనో, ఆరేండ్ల ఆకలో నాకు తెలవదు. నాయిన మాత్రం అడిగిన ప్రతిసారీ ఉరికి వచ్చి ఏసిండు.

"ఎట్లుంది చెల్లెమ్మా?" అని అడిగిండు ఆఖరుకు.

అత్తమ్మ ఆకు మడుస్తూ, "పప్పులో ఉప్పు ఒక్క పలుకు ఎక్కువైంది" అన్నది. అత్తమ్మ దేన్నన్న పూర్తిగ మంచిగుందంటే ఆ రోజు గోదారి ఎనక్కి పారుతది.

పెండ్లైన పదిహేను రోజులకు నాయిన ఖమ్మం వచ్చిండు. ఎప్పటి లెక్కనే సంచి నిండ కూరగాయలు. ఎప్పటి లెక్కనే బయట కుర్చీల కూసొని మంచినీళ్లు తాగిండు. నేను ఆ రోజు అన్న మాటకు ఏదో చెప్పుకుందామని నోరు తెరిచి, చేతగాక, "తిందువు రా నాయినా" అన్న. ఆయన అలవాటు తోటి, "తినే వచ్చిన బిడ్డా" అన్నడు.

లోపలి నుంచి అత్తమ్మ గడప దాంక వచ్చింది. "అన్నయ్యగారూ, మీ ఇంట్లో నాలుగుసార్లు వేయించుకుని తిన్నాను. ఇప్పుడు మీరు నా ఇంట్లో తినకపోతే నేనేం చేయాలి? ఆ అన్నం కక్కాలా? లేవండి, కాళ్లు కడుక్కోండి."

నాయిన నా దిక్కు చూసిండు, ఆమె దిక్కు చూసిండు. లేసి కాళ్లు కడుక్కున్నడు. ఆరేండ్లల్ల మొదటిసారి మా వంటింట్ల పీట మీద కూసున్నడు. నేను కంచం పెట్టి, అన్నమూ దోసకాయ పప్పూ ఏసిన. చేన్ల పని చేసొచ్చిన మనిషి తిన్నట్టు తిన్నడు, తల ఎత్తకుండ. రెండోసారి ఏసిన. అది కూడ తిన్నడు. "ఇంకింత ఎయ్యి బిడ్డా" అన్నడు.

గిన్నె వంచి చూసిన. అడుగు కనవడ్తున్నది.

మా ఆయనకు, పాపకు, అత్తమ్మకు, నాకు. ఆరేండ్లు రోజూ అదే కొలతకు బియ్యం పోసిన. నాయిన వస్తడని తెలిసిన రోజు కూడ అంతే పోసిన. తింటలేడని ఏడ్చింది నేను, అలిగింది నేను, ఊరంత చెప్పుకున్నది నేను. ఒక్కనాడన్న, ఏమో తింటడేమో అని, ఆయన పేరు మీద ఒక పిడికెడు బియ్యం ఎక్కువ పొయ్యలె.

గరిటె పట్టుకొని అట్లనే నిలవడ్డ. నాయినకు అర్థమైంది. "చాలు బిడ్డా, కడుపు నిండింది" అన్నడు, అదే పాత గొంతుతోటి.

"నిండలేదు" అన్నది అత్తమ్మ. "ఎసరు పెట్టమ్మా. ఆయన కూర్చుంటారు."

నేను స్టవ్ ముట్టిచ్చి ఎసరు పెట్టిన. నాయిన ఎంగిలి చెయ్యి ఆరిపోతున్నా కడుక్కోకుండ, అన్నం ఉడికేదాంక, కంచం ముందల అట్లనే కూసున్నడు.